లాభం, రెండు, మూడు

నాకు కరోనా తగ్గిన ఇరవయ్యొకటో రోజున కాయల లెక్క తప్పాను. కొత్తపేట దగ్గర మా ఊళ్లో కొబ్బరికాయల రాశులు లెక్కపెట్టడం నా పని. చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్క నాన్నగారు నేర్పారు. ఆయన ‘ఒకటి’ అనేవారు కాదు. ‘లాభం’ అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ పాటలా సాగేవారు. తడి పీచు వాసన తగిలితే చాలు, ఇప్పటికీ ఆ గొంతు వినిపిస్తుంది. ఆ రోజు నాలుగు వందల పన్నెండు దగ్గర మూత్రానికి లేచాను. తిరిగొచ్చేసరికి అంకె పోయింది. గంటలో అది మూడోసారి లేవడం.

మంట, ఆగి ఆగి రావడం. వాటితోపాటు ఎడమ వృషణంలో వాపు, నొప్పి. మొదటి రెండూ నా భార్య సత్యవతికి చెప్పాను. మూడోది చెప్పలేదు. నాకు నలభై ఒకటి, ఆమెకి ముప్పై ఐదు. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. ఆ నొప్పి సంగతి బయటికంటే ఉన్న ఆశ కూడా పోతుందని భయం.

అమలాపురంలో యూరాలజీ డాక్టరుగారు యూరిన్ కల్చర్ రాశారు. మూడు రోజులపాటు ఎన్నిసార్లు వెళ్లానో, ఎన్ని ఎంఎల్ వచ్చిందో టైముతో రాసుకు రమ్మన్నారు. లెక్కంటే నాకు ఇష్టమే. కొలత గ్లాసు పెట్టి రాశాను.

సత్యవతితో కలిసి మళ్లీ వెళ్తే, ఆయన కాగితం చూసి కళ్లజోడు సర్దుకున్నారు. “ఉదయం అయిదుంపావు, లాభం, ఎనభై ఎంఎల్. ఈ లాభం ఏంటండీ?”

“ఒకటండీ. అలవాటు.”

“ఎనభై ఎంఎల్‌కే లాభమంటే ఎలాగండీ బాబూ!”

“ఆయ్, మాత్రలు లెక్కపెట్టుకున్నా అంతేనండీ ఈయన,” అంది సత్యవతి.

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే నోరు పెగిలింది. “ఇంకోటుందండీ, అది కాగితంలో రాయలేదు,” అని చెప్పేశాను.

సత్యవతి నవ్వు ఆగిపోయింది. “ఎన్నాళ్లనించండీ?”

“పందొమ్మిది రోజులు.”

“లెక్క మాత్రం బాగానే పెట్టేరు,” అంది.

అల్ట్రాసౌండ్ తీసి ఆర్కైటిస్, అంటే వృషణం వాచే జబ్బు, అన్నారు. “కరోనా తర్వాత కొందరిలో చూస్తున్నామండీ. మీకు దానివల్లే అని కచ్చితంగా చెప్పలేను. ముందే రావాల్సింది.” యాంటీబయాటిక్ కోర్సు రాశారు. నొప్పి రెండు వారాల్లో, మంట ఐదు వారాల్లో తగ్గాయి. సెమెన్ ఎనాలసిస్‌లో మాత్రం వీర్యకణాల కౌంట్ బాగా తక్కువ. నేను లెక్కపెట్టలేని అంకె ముందు కూర్చోవడం అదే మొదలు.

“కొత్త కణాలు తయారవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అప్పుడు మళ్లీ చూద్దాం,” అన్నారు డాక్టరుగారు.

మూడు నెలలకు కొంచెమే పెరిగింది. తిరిగొచ్చే బస్సులో ఆ రిపోర్టు మడిచి జేబులో పెట్టేశాను. సత్యవతి అంది: “తగ్గలేదు కదండీ, ఎక్కింది. మీ లెక్కలో అది లాభం కాదాండీ?”

మందులు మొదలెట్టిన తొమ్మిదో నెలలో నా రిపోర్టు నార్మల్ వచ్చింది.

ఇప్పటికీ చలికాలంలో రాశి మధ్య ఒకసారి లేస్తాను. అంకె గోడమీద సుద్దముక్కతో రాసి వెళ్తాను. సాటి మగవాళ్లకు ఒక్క మాట. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు బాధలన్నీ కాగితం మీద రాసుకోండి. చెప్పడానికి సిగ్గనిపించేదాన్ని మొదటి వరుసలో రాయండి.

మా పాపకి మూడున్నరేళ్లు. మొన్న బడిలో టీచరుగారు నవ్వుతూ ఫిర్యాదు చేశారు: “మీ అమ్మాయి ఒకటి అనమంటే లాభం అంటోందండీ.”

నేను ఇంకా దిద్దలేదు.