ఆరు వోల్టుల బ్యాటరీ, ఒక తాటిదోనె

1957 మే 13, సోమవారం, ఉదయం తొమ్మిదీ పావు. ఏలూరులో మా బ్యాటరీ చార్జింగు షాపు తలుపులు తీసి పావుగంటయింది. నాంచారమ్మ నెత్తిమీది గంప గుమ్మంలో దించింది. గంపలో గడ్డి, గడ్డిలో బ్యాటరీ. ఎప్పుడూ దించగానే ఏదో ఒక పరాచికం ఆడే మనిషి, ఆ రోజు నేరుగా విషయానికొచ్చింది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. నాన్నగారి కళ్ళకి శుక్లాలు రావడంతో రీడింగులూ రిజిస్టరూ నా చేతికొచ్చాయి. కొల్లేటి లంక గ్రామాల్లో అప్పటికి కరెంటు లేదు. పంచాయితీ రేడియో ఆరు వోల్టుల బ్యాటరీ మీద నడిచేది. మూడు వారాలకి అది దిగిపోతే చార్జింగుకి మా దగ్గరికి రావాలి. ఐదు లంకల బ్యాటరీలు నాంచారమ్మే తెచ్చేది. తన తాటిదోనెలో సరస్సు దాటి, ఒడ్డు నుంచి బండి మీద ఏలూరు. తాటిదోనె అంటే తాటిమొద్దు తొలిచి చేసిన పడవ. భర్త పోయాక ఆమెకీ ఇద్దరు కూతుళ్ళకీ ఆ దోనే ఆధారం.

"నా దోనె పట్టేసుకున్నారమ్మాయిగారూ, ఇంకొకళ్ళ పడవలో వచ్చాను" అంది.

"ఎవరు?"

"మా ప్రెసిడెంటుగారు. రేడియో నాలుగు రోజులకే మూగబోతందంట. నేను బ్యాటరీ పక్కకి ఒరగేసి యాసిడ్ ఒలకబోస్తన్నానంట. ఇయ్యాల్టి నుంచి పదిహేను రోజులు గడువు. నా తప్పు లేదని మీ షాపు కాయితం తేవాలి. లేదా దోనె వేలం."

"ఒలికిందా?"

"ఒలికితే ముందు నా చీర మిగులుద్దా? చూసుకోండి, ఒక్క చిల్లుంటే చెప్పండి."

చిల్లు లేదు. బ్యాటరీ మూడు సెల్లుల మూతలూ తీశాను. యాసిడ్ ప్లేట్ల పైన వేలి మందాన నిండుగా ఉంది. ఒలికిన బ్యాటరీలో అలా ఉండదు. హైడ్రోమీటర్ పెట్టాను. అది రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం. యాసిడ్ పీలిస్తే లోపలి తేలుడు గాజు దాని చిక్కదనం అంకెల్లో చూపిస్తుంది. నిండా చార్జయితే 1250, దిగిపోతే 1150. ఇందులో 1110 చూపించింది.

చార్జింగుకి పెట్టిన కొన్ని గంటలకే షాపంతా బ్లీచింగు పౌడరు లాంటి ఘాటు వాసన. నాన్నగారు కళ్ళజోడు తీసి ముక్కు ఎగబీల్చారు.

"అమ్మడూ, బ్యాటరీలో ఉప్పునీళ్ళు పోస్తే వచ్చే వాసన ఇది. రేపే వెళ్ళి చెప్పిరా."

"మూడుసార్లు చార్జి చేసి, మూడుసార్లు దింపి చూడకుండా నా సంతకం పెట్టనండీ" అన్నాను. నా జాగ్రత్త మీద నాకంత గర్వం.

బ్యాటరీలో నీరు ఆవిరైపోతుంటుంది. తగ్గినంతా డిస్టిల్డ్ వాటరే పోయాలి, అంటే కాచి, ఆవిరి పట్టి, చల్లార్చిన నీరు. చార్జి చేసిన ప్రతి బ్యాటరీతో పాటు ఒక పెద్ద సీసా పంపేవాళ్ళం. సీసా మీద చీటీ నా దస్తూరీతోనే: "బ్యాటరీకి మాత్రమే." ఎండాకాలం వచ్చేసరికి ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్ని కొల్లేరు ఉప్పెక్కుతుంది. ఆ నీరు పోస్తే ప్లేట్లు కుళ్ళి రాలిపోతాయి. అయినా మా సీసా ఉండగా ఆ నీరెందుకు పోస్తారు?

రిజిస్టరు వెనక్కి తిప్పాను. చార్జి చేసి పంపినప్పటి రీడింగులు: ఫిబ్రవరి 18న 1250, మార్చి 11న 1235, ఏప్రిల్ 1న 1210, ఏప్రిల్ 22న 1180. నాలుగుసార్లూ నా చేత్తోనే రాశాను. ఒక్కసారైనా "ఎందుకు తగ్గుతోంది?" అని అడగలేదు.

మూడో పరీక్ష 27వ తేదీ సాయంత్రానికి ముగిసింది. కాగితం రాసి ముద్ర వేశాను. పదమూడుకి పదిహేను కలిపితే ఇరవై ఎనిమిది. తెల్లవారుజామునే బయల్దేరి, 28న ఉదయం పదింటికల్లా కొల్లేటి ఒడ్డుకి చేరాను. నాంచారమ్మ అక్కడే కూర్చుని ఉంది.

"వేలం నిన్న పొద్దున్నే అయిపోయిందమ్మాయిగారూ" అంది.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది. గడువు మొదలైన రోజే ఒకటో రోజు. పదిహేనో రోజు ఇరవై ఏడు. వాళ్ళ ఊళ్ళో అందరి లెక్కా అదే. నేను అడగలేదు, కూడేశాను.

వేలం పాడింది ఒక్కడు. ప్రెసిడెంటుగారి బావమరిది.

ఇంకొకరి పడవలో ఇద్దరం లంకకి వెళ్ళాం. ప్రెసిడెంటుగారు చాలా మర్యాద చేశారు. "రండమ్మా, ఎండన పడొచ్చారు. ముందు కాఫీ తీసుకోండి. ఏవే, అమ్మాయిగారికి కాఫీ!"

కోపం మీదున్నా కాఫీ తాగాను. రెండో గుక్కకే తెలిసింది. మే నెలలో, కొల్లేటి లంకలో, ఉప్పు తగలని కాఫీ.

"ఏ నీళ్ళండీ ఇవి?" అన్నాను.

కాఫీ తెచ్చిన ఆయన భార్య మురిసిపోయింది. "మీ ఏలూరు నీళ్ళేనండీ! మా నీళ్ళు తగిలితే పాలు విరిగిపోతాయి. ఆయన నోటికి ఆ కాఫీ సయించదు. అందుకే మీ సీసా దాచి, ఆయనకీ, ఎవరైనా పెద్దవాళ్ళొస్తే వాళ్ళకీ."

"మరి బ్యాటరీకి?"

"దానికి నాలుకుందేంటండీ? కుండలో నీళ్ళే పోస్తున్నాం."

అరుగు మీద రేడియో పక్కన సీసా ఉంది. నా చీటీ చెక్కుచెదరలేదు. ఆవిడకి చదువు రాదు, ప్రెసిడెంటుగారికి వచ్చు. చీటీ ఆయన ముఖం ముందు పెట్టి చదవమన్నాను.

"పోనిద్దురూ, ఆడవాళ్ళు తెలీక చేసిన పని" అన్నారు.

"వేలం కూడా ఆడవాళ్ళే వేశారాండీ?"

"వేలం అయ్యాక వెనక్కి తీసుకుంటే పంచాయితీకి విలువేముంటుందమ్మా?"

మెట్ల కింద నిలబడ్డ నాంచారమ్మ అప్పుడు నోరు విప్పింది. "కాఫీ బాగుందా అయ్యగారూ? నాలుగు సీసాలూ నేనే మోసుకొచ్చాను."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. నా కాగితం అరుగు మీదే ఉండిపోయింది. ఒడ్డుకి తిరిగొచ్చేటప్పుడు నాంచారమ్మకి చెప్పాల్సిన మాట చెప్పాను: నాన్నగారి మాట విని 14వ తేదీనే వచ్చి ఉంటే నీ దోనె నీకుండేది. ఆమె "అవునమ్మాయిగారూ" అంది. కాదని అనలేదు. ఆ మాటకి నేను ఆమెని ఇప్పటికీ గౌరవిస్తాను.

జూన్‌లో ఆ ఊరికి కొత్త బ్యాటరీ వచ్చింది. చార్జింగుకి పంపితే తీసుకోనన్నాను. నాన్నగారు అడ్డు చెప్పలేదు. నాంచారమ్మ కూతుళ్ళతో ఆకివీడు వైపు కూలికి వెళ్ళిందని విన్నాను. వెతికించాను, దొరకలేదు.

ఈమధ్య మా ఇంటికొచ్చిన వడ్రంగి వైరు లేని డ్రిల్లు తెచ్చాడు. బ్యాటరీ ఊడదీసి చార్జరులో పెట్టి, "పచ్చలైటు వస్తే అయిపోయినట్టే మామ్మగారూ, దీనికి నీళ్ళు పొయ్యక్కర్లేదు" అన్నాడు.

"నీళ్ళ సంగతి కాదు. చెడితే తప్పు ఎవరి మీద వేస్తావు?"

"మోసుకొచ్చేది మా హెల్పరేనండీ, వాడే ఎక్కడో పడేసుంటాడు" అన్నాడు నవ్వుతూ. అతనికి ఆ రోజు నా చేతి కాఫీ దొరకలేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఇదీ: అంకె రాయడం సగం పనే, అది ఎందుకు మారిందో అడగడం మిగతా సగం. 1957 జూన్ నుంచి షాపు మూసేదాకా, గుమ్మంలోకొచ్చిన ప్రతి మనిషినీ నేనడిగిన మొదటి ప్రశ్న, "ఏ నీళ్ళు పోశారండీ?" రెండోది, "గడువుందా? ఏ రోజు నుంచి?"

పోయినవి:
ఆరు వోల్టుల బ్యాటరీ ఒకటి.
డిస్టిల్డ్ వాటరు నాలుగు సీసాలు.
తాటిదోనె ఒకటి.
నేను పరీక్షల్లో గడిపిన రోజులు పదిహేను. అందులో అక్కర్లేనివి పద్నాలుగు.