కల్హేర్ అనే మేమిద్దరం

మా అత్తగారింట్లో కల్హేర్ అనే పేరుతో ఇద్దరం ఉండేవాళ్లం. ఒకరు నేను, ఇంకొకరు బర్రె. నాకంటే రెండేళ్ల ముందే ఆ ఇంటికి వచ్చింది కాబట్టి ఇద్దరిలో అదే పెద్దది. ఈ మాట నేను కోపంతో కల్పించి రాయడం లేదు. మా అత్తమ్మ అందరి ముందూ చెప్పిన తీర్పు ఇది.

మా నారాయణఖేడ్ వైపు కోడలు ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరే ఆమె పేరు. మా తోటికోడలు బోరంచ. ఆమె పుట్టిన ఊళ్లో నల్లపోచమ్మ గుడి ఉంది కాబట్టి వాడకట్టులో ఆమెతో గొడవ పెట్టుకోవడానికి అందరూ జంకుతారు. ఆమె కూడా ఆ భయాన్ని చక్కగా వాడుకుంటుంది, కుళాయి దగ్గర ఎప్పుడూ ఆమె బిందే ముందు. మా అత్తమ్మ బీదర్. మనవలు పుట్టినా బీదరే. పెళ్లి పత్రికలో అచ్చయిన పేర్లు ఆ తర్వాత ఆధార్ కార్డులో తప్ప ఇంకెక్కడా కనిపించవు.

అంగడిలో కొన్న పశువులకు కూడా ఇదే పద్ధతి. కల్హేర్ అంగడిలో కొన్నారు కాబట్టి మొదట్లో దాన్ని కల్హేర్ బర్రె అనేవారట. నా పుట్టిన ఊరూ అదే కాబట్టి నన్ను కల్హేర్ పిల్ల అన్నారు. పనుల తొందరలో అంత పొడుగు పేర్లు పిలిచే ఓపిక ఎవరికుంటుంది? దాని ‘బర్రె’, నా ‘పిల్ల’ రెండూ అరిగిపోయి, ఇద్దరికీ ఊరు ఒక్కటే మిగిలింది.

ఊళ్లు మాత్రం తక్కువ తిన్నాయా? ఎప్పుడో ఒక నారాయణ ఉండే ఉంటాడు, ఆయన పేరు ఊరు తీసేసుకుంది. ఆయన ఎవరో, ఏం చేసేవాడో మా వీధిలో ఒక్కరికీ తెలియదు. ఆ తర్వాత జనం నారాయణను కూడా వదిలేసి ఖేడ్ అంటే చాలనుకున్నారు. ఖేడ్ అనే ఊళ్లు మహారాష్ట్రలోనూ ఉన్నాయని మాకు కందులు ఎండబోసిన రోజున తెలిసింది. మా ఆయన ఫోన్‌లో ఖేడ్ అని కొట్టి చూసి, పెద్ద వాన వస్తోందని ఇల్లంతా పరుగులు పెట్టించాడు. కందులన్నీ ఎత్తి లోపల పోశాం. ఇక్కడ మాడు పగిలే ఎండ కాసింది. ఆ వాన ఏ ఖేడ్‌లో పడిందో వాళ్లకు మంచి జరగాలి.

నేను ఆ ఇంటికి వచ్చిన మూడో నెలలో నా గోడు అత్తమ్మ ముందు పెట్టాను. నాకు నా పేరు కావాలి, లేకపోతే బర్రెకు వేరే పేరు పెట్టాలి. అత్తమ్మ బియ్యం చెరగడం ఆపకుండానే విన్నది.

“నువ్వు మొన్నమొన్న వచ్చినవ్. అది నీకంటె ముందు వచ్చింది. దాని పేరెందుకు మార్వాలె?”

“అయితె నాదన్న మార్వుండ్రి. నన్ను నా పేరు వెట్టి పిలువుండ్రి.”

అత్తమ్మ చెరగడం ఆపింది. చాట పక్కన పెట్టి నా వైపు చూసింది. “గది నా నోట రాదు, పెండ్లయిన కాడికెల్లి ఎరుకనే గద,” అని పెద్ద కొడుకు మీద, చిన్న కొడుకు మీద, ఈ సంబంధం తెచ్చిన మనిషి మీద కలిపి విసుక్కుంది.

ఇక్కడే ఉంది నా ఖర్మ. నా పేరూ, మా మామ తల్లి పేరూ ఒకటే. అంటే అత్తమ్మకు అది ఆమె అత్తగారి పేరు. అత్త పేరు కోడలు నోటితో పలకదు. ఆ పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయినా పలకదు. మా తోటికోడలికీ అదే ఇబ్బంది. మామ పలకవచ్చు కదా అంటే, కన్నతల్లి పేరు పెట్టి “ఏయ్, చాయ్ తే” అని ఎలా అంటాడు? అసలు ఆ పేరు వినే ఆయన ఈ సంబంధానికి ఎగిరి గంతేశాడట, తన తల్లే మళ్లీ ఇంటికి వస్తోందని. వచ్చిన తల్లిని పిలవడానికి మాత్రం ఇంట్లో ఎవరికీ నోరు లేదు. మా ఆయన నన్ను “ఇగో” అని పిలుస్తాడు, అది పేరు కింద లెక్క కాదు. నా పేరు ఇక్కడ కూడా రాయను. ఇది అత్తమ్మ చేతికి పోతే ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది పాపం.

సరే, మిగిలింది బర్రె. ఎట్లాగో బతిమాలి దానికి గౌరి అని పేరు పెట్టడానికి అందరినీ ఒప్పించాను. తౌడు కలిపిన కుడితి పెట్టి “గౌరీ, గౌరీ” అని మెడ నిమిరాను. కుడితి తాగింది, నా మొహం వైపు కూడా చూడలేదు. పాలు పిండబోతే ఒక్క చుక్క దించలేదు. రెండో రోజూ అంతే. ఎడమ కొమ్ము కొన విరిగి ఉంటుంది దానికి, ఆ విరిగిన కొమ్ము నా వైపు తిప్పి నిలబడింది. మూడో రోజు అత్తమ్మ కొట్టంలోకి వచ్చి, నన్ను పక్కకు జరిపి, దాని వీపు మీద చెయ్యేసి రా అనే మాటకు పుట్టింటి కన్నడం కలిపి పిలిచింది.

“బా, కల్హేర్. బా, బిడ్డా.”

కింద పెట్టిన పాల సర్వ నిండింది. నురగ అంచు దాటి నా కాళ్ల మీద పడింది. నాకు కడుపు మండిపోయింది. పేరు పోతే పోయింది, ఆ ‘బిడ్డా’ అనే మాట నన్ను చూసి ఒక్కసారి కూడా అంత మెత్తగా అనలేదు ఆమె.

అలా మూడేళ్లు గడిచాయి. పోయిన ఎండాకాలం చొప్ప తక్కువ పడి, మూడు బర్రెల్లో ఒకదాన్ని అమ్మాలని మామ అన్నాడు. కల్హేర్‌ను దూడతో సహా అంగడికి తోలుకుపోయి ఒక దళారికి ఇచ్చి వచ్చాడు. అత్తమ్మ రెండు రోజులు మామతో మాట్లాడలేదు. నేను పైకి అయ్యో అన్నాను గానీ, నిజం చెప్తున్నాను, లోపల పండగ చేసుకున్నాను. ఇక ఆ ఇంట్లో కల్హేర్‌ను నేనొక్కదాన్నే. కానీ ఆ వారం అత్తమ్మ పిలిస్తే నేను వెళ్లినప్పుడల్లా ఆమె నా వెనకవైపు ఒకసారి చూసేది. వచ్చింది ఇదొక్కటేనా అన్నట్టు.

ఆ తర్వాత రెండు దినాలు ఉండి వద్దామని పుట్టింటికి పోయాను. కల్హేర్‌లో ఆటో దిగి ఇంట్లో అడుగు పెట్టేసరికి వాకిట్లో వదినె అరుస్తోంది, “ఏయ్ ఖేడ్, సక్కగ నిలవడు!” అని. నన్నే అనుకుని నేను నిలబడిపోయాను. వదినె నన్ను చూసి నాలుక కరుచుకుంది. ఆమె అరుస్తున్నది బర్రె మీద. అన్న ఈ మధ్యనే ఖేడ్‌లో ఒక దళారి దగ్గర దూడతో సహా కొని తెచ్చాడట. బర్రె తల తిప్పింది. ఎడమ కొమ్ము కొన విరిగి ఉంది.

“మా బర్రెను నువ్వు గుర్తువట్టలేదా అన్నా?” అని అడిగాను.

“బర్రెలన్ని ఒక్కలెక్కనే ఉంటయ్ చెల్లె,” అన్నాడు. “గది సరే, తెచ్చి నాలుగు దినాలాయె, చుక్క పాలు దించుతలేదు. పరేషాన్ చేస్తుంది. ఎల్లుండి అంగడికి తోలుకపోయి ఎవలకన్న అమ్మేస్త.”

ఎందుకు దించడం లేదో ఆ వాకిట్లో నాకొక్కదానికే తెలుసు. చెప్తే నా పరువు పోతుంది. అత్తగారింట్లో నన్నూ బర్రెనూ ఒకే పేరుతో పిలుస్తారని పుట్టింట్లో మూడేళ్లుగా దాచాను. చెప్పకపోతే అది ఎల్లుండి ఇంకో ఊరు పోతుంది, అక్కడ ఇంకో పేరు, అక్కడా పాలు దించదు, మళ్లీ ఇంకో అంగడి. పొద్దుగూకే దాకా మంచం మీద కూర్చుని దాన్నే చూశాను. అది కూడా నన్నే చూసింది. ఆ ఇంట్లో అదీ నేనూ తప్ప ఖేడ్ సంగతులు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. చివరికి లేచి, సర్వ అందుకుని, దాని పక్కన గొంతుకూర్చుని వీపు మీద చెయ్యేశాను.

“బా, కల్హేర్. బా, బిడ్డా.”

అన్నా వదినెలు మొహాలు చూసుకున్నారు. కల్హేర్‌లో కూర్చుని కల్హేర్‌ను పిలుస్తోందేమిటి ఈ పిల్ల అనుకున్నారు. బర్రె ఒక నిట్టూర్పు విడిచింది, పాలు దించింది. ఇక దాచి లాభం లేక మొత్తం కథ చెప్పేశాను. వదినె నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. అమ్మ మాత్రం నవ్వలేదు.

“గంత మంచి పేరు వెడ్తిని నీకు. బర్రెతోటి కలిపి పిలుస్తరా?” అని కళ్లెర్ర చేసింది. ఆ సాయంత్రం నుంచి ఉప్పందుకోమన్నా, పక్కకు జరగమన్నా నా పూర్తి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. మొదటిసారి పిలిచినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. రెండోసారి బాగుందనిపించింది. మరునాడు పొద్దున మూడుసార్లు పిలిచినా నేను పలకలేదు. ఎవరినో పిలుస్తోంది అనుకున్నాను.

నాలుగో రోజు పాలు పిండుతుండగా, బర్రె దొరికిన సంగతి అత్తమ్మకు చెప్పాలనిపించింది. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు. అమ్మ తన ఫోన్‌లో నంబరు కొట్టి, నా చేతులు ఖాళీగా లేవని స్పీకర్ పెట్టి నా దగ్గర పట్టుకుంది. అత్తమ్మకు ఆ నంబరు తెలియదు.

“ఎవలు?” అని గద్దించింది.

“నేనే అత్తమ్మా, కల్హేర్‌ను,” అన్నాను.

అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. నేను తల వంచుకుని పాలు పిండుతూనే మొత్తం చెప్పాను. మన బర్రె మా అన్న దగ్గరే ఉందనీ, పేరు పెట్టి పిలిస్తే పాలు దించిందనీ, అమ్మొద్దని అన్నకు గట్టిగా చెప్పాననీ. అత్తమ్మ ఫోన్ బర్రె చెవి దగ్గర పెట్టమంటుందేమో అనుకున్నాను.

“మంచిగున్నది గద, ఇగ దాని ముచ్చట ఇడిసిపెట్టు,” అంది. “రెండు దినాలని పోయినవ్, నాలుగు దినాలాయె. ఇల్లు ఇల్లులెక్క లేదు. జల్దీ రా, బిడ్డా.”

ఆ గొంతు వినగానే బర్రె మేత ఆపి, చెవులు నిక్కబొడిచి ఫోన్ వైపు తల తిప్పింది.

“నిన్ను కాదే,” అన్నాను దానితో.