మంచం మీది ఫొటో

ఉమేరా ఏ జబ్బుకు డాక్టరో ఆమె తల్లి ఇక్బాల్ బీకి ఇప్పటికీ అంతుపట్టదు. ఆత్మకూర్‌లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు "మీ బిడ్డ గుండె డాక్టరా, కండ్ల డాక్టరా?" అని అడిగితే, "ఎవలొస్తె వాళ్లకేనట" అని చెప్పి మాట మారుస్తుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నల్లగొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉమేరా ఎమర్జెన్సీ డాక్టరు. తలుపు తోసుకుని ఎవరొస్తే వాళ్లే ఆమె రోగులు. వచ్చినవాళ్లు ముందు చూసేది ఆమె మొఖమే, బతికి బట్టకట్టాక ముందు మరిచిపోయేదీ ఆమె మొఖమే. పేరూ స్వీటు డబ్బాలూ పై అంతస్తులోని పెద్ద డాక్టర్లకు పోతాయి. బట్టలు కుట్టి ఆమెను చదివించిన తండ్రి అహ్మద్ అలీ మాత్రం దీనికి ఫికర్ పడడు. "గుండీలు కుట్టినోని పేరు ఎవడడుగుతడు? గుండీలు లేకుంటె అంగీ నిలుస్తదా?" అంటాడు.

ఆమె పనిలో సగం వైద్యం, సగం కార్డు. సర్కారు ఆరోగ్య పథకం కార్డు పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. ప్రాణం మీదికి వచ్చిన కేసైతే ఆమె పథకం ఆఫీసులో ఉండే డాక్టరుకు ఫోన్ చేసి చెప్తుంది, ఆయన సరేనంటాడు, వైద్యం మొదలవుతుంది. ఆ వెంటనే కాగితాలు పంపాలి. రోగి మంచం మీద ఉండగా డాక్టరు పక్కన ఉండి దిగిన ఫొటో కూడా పంపాలి. లేని రోగులను ఉన్నట్టు చూపించిన ఘనులు ఎక్కడో ఉండబట్టే ఈ ఫొటో పుట్టుకొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, దొంగల మీద కోపమంతా రోగుల మీద పడింది.

ఒకరోజు పొద్దున అంబులెన్సు బీరమ్మ అనే ముసలమ్మను తెచ్చి దించింది. మోత్కూర్ పక్క పల్లె ఆమెది. పత్తి చేనులో కలుపు తీస్తూ రొమ్ము పట్టుకుని కూలబడిందట. వెంట భర్త జంగయ్య, చేతిలో కార్డు. ఈసీజీ చూడగానే ఉమేరాకు విషయం తెలిసిపోయింది. గుండెకు రక్తం పోయే నాళం మూసుకుంది. స్టెంటు వేయాలి, ఆలస్యమైనకొద్దీ గుండె కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. మాత్రలు నమిలించింది, గుండె డాక్టరుకు కబురు చేసింది, పథకం ఆఫీసుకు ఫోన్ కొట్టి సరేననిపించుకుంది. పై గది సిద్ధం చేసేలోపు ఫొటో ఒక్కటి తీస్తే సరిపోతుంది.

నర్సు స్వర్ణ సెల్‌ఫోన్ ఎత్తగానే బీరమ్మ కొంగు మొఖం మీదికి లాక్కుంది.

"పండవెట్టి ఫొటో తీస్తరా? నేనింక సావలే."

ఉమేరా జంగయ్య వైపు చూసింది. ఆయన తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పాడు. "మా ఊళ్లె మనిషి పోయినంకనే పండవెట్టి తీస్తరు డాక్టరమ్మా. ఆఖరి ఫొటో అన్నట్టు."

"నన్ను ఇంటికి తోల్కపో" అంది బీరమ్మ మొగుడితో. "ఈళ్లు నన్ను అప్పుడే పోయినోళ్లల్ల కలిపిండ్రు." ఛాతీకి అంటించిన వైర్లు పీకేసి లేవబోయింది.

ఆ గుండెతో పెనుగులాడితే ఏమవుతుందో ఉమేరాకు తెలుసు. ఒళ్లు మండిపోయింది, బీరమ్మ మీద కాదు, ఆ ఫొటో మీద. మంచం తలవైపు ఎత్తించి, తానూ ఎక్కి పక్కన కూర్చుంది.

"పండుకోకవ్వా. గిట్ల ఆనుకో. నేను నీ పక్కకే కూసుంట. తాత గూడ వస్తడు. ముగ్గురం దిగుదాం."

కొంగు సర్దింది, చెమటకు కారిన బొట్టు తుడిచి సరిచేసింది. బీరమ్మ కొంచెం మెత్తబడింది. జంగయ్య వచ్చి కొయ్యబారి నిలబడ్డాడు.

"మొఖం జర సక్కగ వెట్టు" అంది బీరమ్మ అంత నొప్పిలోనూ. "పెండ్లి నాడు గూడ గిట్లనే వెట్టినవ్." తన మాటకు తానే నవ్వింది. స్వర్ణ ఆ క్షణానే ఫొటో తీసింది. మంచం పై అంతస్తుకు వెళ్లింది. స్టెంటు పడింది. బీరమ్మ గట్టెక్కింది.

మధ్యాహ్నం ఆస్పత్రి మేనేజరు విజేందర్ సెల్‌ఫోన్ పట్టుకుని దిగి వచ్చాడు. పథకం ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. ఫొటోలో రోగి కూర్చుని నవ్వుతోంది, ఇది అత్యవసర కేసని ఎలా నమ్మమంటారు?

"నవ్వే గుండెపోటు ఎక్కడన్న ఉంటదా మేడం?" అన్నాడు విజేందర్. "ఇది కొట్టేస్తే బిల్లు పోయి జంగయ్య నెత్తిన పడ్తది. నేనేం చేయలేను."

ఉమేరా ఆ ఆఫీసు డాక్టరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చెడ్డవాడేమీ కాదు, అలసిపోయిన మనిషి. "ఈసీజీ చూశాను మేడం, నాకు నమ్మకమే. ఫైలు నమ్మదు. పడుకున్న ఫొటో ఒకటి పంపండి, దాటించేస్తా" అన్నాడు.

బీరమ్మ ఐసీయూలో నిద్రపోతోంది.

"ఇప్పుడే తీసేద్దాం మేడం. ఆమెకేం ఎరుక?" అంది స్వర్ణ.

అది నిజమే. తీస్తే అడిగేవాళ్లు లేరు. కానీ పొద్దున ఆ ముసలమ్మ తన మాట నమ్మి తల ఆనించింది. నిద్రలో దొంగలా తీయడానికి ఉమేరాకు మనసొప్పలేదు. ఆమె లేచేదాకా ఆగి, దాచకుండా అంతా చెప్పింది.

"నేను నవ్వుడు తప్పైందా బిడ్డా?" అని అడిగింది బీరమ్మ.

"నీ తప్పేం లేదవ్వా. నువ్వు వద్దంటె తియ్య. ఇంకేదన్న తొవ్వ సూస్త."

ఇంకో తొవ్వ లేదని ఆ గొంతులోనే తెలిసిపోయింది. బీరమ్మ అద్దం తలుపు అవతల నిలబడ్డ జంగయ్యను చూసింది, మళ్లీ ఉమేరాను చూసింది. తలకింది దిండు తానే పక్కకు జరిపింది. కాళ్లు చాపి, చేతులు రెండూ ఒంటికి ఆనించి పెట్టుకుంది.

"తీస్కో. నా కోసం నువ్వు మంచమెక్కి కూసుంటివి. నీ కోసం నేను పండుకోనా?" స్వర్ణ సెల్‌ఫోన్ ఎత్తగానే, "కండ్లు మూసుకోవాల్నా బిడ్డా?" అని అడిగింది.

"వద్దవ్వా. తెరిచే ఉంచు. నా దిక్కు సూడు."

ఫైలు ఆ సాయంత్రమే దాటింది. ఆ ఫొటోలో బీరమ్మ చెప్పినట్టు పడుకుని, కళ్లు తెరిచి చూస్తోంది. పక్కన నిలబడ్డ డాక్టరు ఏడుస్తోంది. దాని గురించి ఎవరూ ఏ ప్రశ్నా పంపలేదు.