మిరపకాయలతో ఎండిన రికార్డు

ఎనభైల్లో మాట. చిలకలూరిపేటలో చీరాల బస్సెక్కాను. మిరప కోతల కాలం, టాపు మీది మిరప టిక్కీ బస్తాల ఘాటుకి బస్సంతా తుమ్ముతోంది. పక్క సీటాయన ఒళ్లో చేటలా వంగిపోయిన గ్రామఫోను రికార్డుంది.

ఆయన దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరట. యంత్రాలు బిగించడానికొచ్చిన చెకోస్లొవేకియా ఇంజనీరు వెళ్లిపోతూ ఇచ్చాడట. వాళ్ల దేశంలో పేరున్న ఆర్కెస్ట్రాది, పాత రికార్డు.

“సాయంత్రాలు గెస్ట్‌హౌసులో ఇది పెట్టి నన్ను కూర్చోబెట్టేవాడండి. అంతమంది ఒక్కసారి వాయిస్తుంటే ఏరు పొంగినట్టుండేది.”

“మరి ఇలా వంగిందేం?”

“మిరపకాయల దుమ్ము పట్టిందని మా ఆవిడ కుంకుడురసంతో కడిగి, కాయలతోపాటే డాబా మీద ఎండబెట్టిందండి.”

నాకు నవ్వొచ్చింది. ఆయన రికార్డు అంచు నిమిరాడు.

“చెయ్యి చేసుకున్నాను. వేటపాలెంలో పుట్టింటికెళ్లిపోయింది. నెలయింది. మా ఇంట్లో గ్రామఫోనే లేదండి. ఇందులో ఏముందో ఆవిడ ఒక్కసారీ వినలేదు.”

చీరాలలో దిగేముందు నా వైపు తిరిగాడు. “వెళ్లి ఏమని మొదలెట్టమంటారండీ?”

అడగడానికి ఆయనకు నేనే దొరికాను. పప్పులో ఉప్పెక్కువైందని ఆ పొద్దున కంచం విసిరేసి బస్సెక్కినవాణ్ని. కిటికీలోంచి బయటికి చూశాను.

ఈ సంగతి మా ఆవిడకి చాలాసార్లు చెప్పాను. రికార్డు ఎండబెట్టిందనగానే పకపకా నవ్వుతుంది. నేనక్కడితో ఆపేస్తాను.