సైలెన్సర్‌లో స్టీలు పీచు

ఆ రోజుల్లో, అంటే మాదాపూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి, టీ తాగడానికి వెళ్లినా మెడలో ఐడీ కార్డు తియ్యని రోజుల్లో, నేను దేనికి భయపడేవాణ్ణి కాదో చెప్పడం కష్టం. లిఫ్టులో మేనేజరు ఎక్కితే భయం, ఫోనులో తెలియని నంబరు కనిపిస్తే భయం, మీటింగులో ఎవరైనా "ఒక్క చిన్న ప్రశ్న" అంటే అరచేతులు తడిసిపోయేవి. వీటన్నిటి నెత్తి మీదా ఇంకో పెద్ద భయం కూర్చుని ఉండేది. అది హఫీజ్‌పేట్‌లో మా మావయ్య చొక్కా జేబులో ఉండే ఫోను.

అప్పట్లో నేను మావయ్యా వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. ఆయన ప్రభుత్వ ఉద్యోగి. రూలంటే ఆయనకి ప్రాణం (ఇంట్లో అరటిపండు తొక్క కూడా సరైన బుట్టలో పడాల్సిందే). పెళ్లికి ముందు కొన్న మోటార్ సైకిల్ ఒకటి వాకిట్లో దుప్పటి కప్పుకుని ఉండేది. బతిమాలగా బతిమాలగా తాళం చెవి నా చేతిలో పెట్టి, "చూడరా, కొన్న దగ్గర్నుంచీ దీని మీద ఒక్క చలాన్ లేదు. ఒక్కటి వచ్చిందా, బండి ఆ రోజే పాత ఇనుముకి వెళ్లిపోతుంది. తర్వాత ఏడ్చినా లాభం లేదు" అన్నారు. బండి ఆయన పేరు మీదే ఉంది కాబట్టి, నేను ఊళ్లో ఎక్కడ ఏ తప్పు చేసినా ఫొటోతో సహా ఆ జేబులో మోగుతుంది. నాకా, ఆ బండి మీద పిచ్చి ప్రేమ. సాయంత్రం అది వీధి మలుపు తిరగ్గానే దాని దుబదుబ విని అత్తయ్య వచ్చి గేటు తీసేది. ఈ ఊళ్లో నా కోసం తెరుచుకునే తలుపు అదొక్కటే అనిపించేది.

అలాంటి బండికి ఓ వానాకాలంలో సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడింది. ఆ మోడల్‌కి కంపెనీ సైలెన్సర్ రావడం ఎప్పుడో మానేసిందట. బయట దొరికేవాటిలోనే ఒకటి ఎంచుకోవాలి. సరిగ్గా ఆ వారమే, పెద్ద మోత చేసే సైలెన్సర్లని పోలీసులు ఊడబీకి రోడ్డు మీద వరసగా పరిచి, రోడ్డు రోలర్‌తో తొక్కించే వీడియో ఒకటి ఆఫీసులో అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఆ రోలర్ కింద పడుకున్నది నేనే అన్నట్టు రెండ్రోజులు అన్నం సయించలేదు.

నా పక్క సీటాయన గోపన్‌పల్లి మనిషి. భూకంపం వచ్చినా "ఫికర్ నాట్" అనే రకం కాబట్టి ఆయన్ని అందరం ఫికర్‌నాట్ అన్న అనేవాళ్లం. "గింత దానికే పరేషాన్ అయితవేంది తమ్మీ, నడువ్, నాకు తెల్సిన ఉస్తాద్ ఉన్నడు" అని నన్ను మెట్రో లైను కింద ఉన్న ఓ మెకానిక్ షాపుకి లాక్కుపోయాడు. లోపల సైలెన్సర్లు పందిరికి పొట్లకాయల్లా వేలాడుతున్నాయి. ఉస్తాద్ ఒకటి బిగించి కిక్కు కొట్టాడు. లక్ష్మీబాంబు పేలినట్టయి నేను అన్న భుజం పట్టుకున్నాను. రెండోది మిక్సీలో ఎండు కొబ్బరి వేసినట్టు గీపెట్టింది. "అన్నా, మెల్లగా మోగేది లేదా అండీ?" అన్నాను ఏడుపు గొంతుతో. "మెల్లగ మోగేదానికి బండెందుకు సార్, సైకిల్ కొనుక్కోరాదు" అని ఉస్తాద్ విసుక్కుంటూనే మూడోది బిగించాడు. ఆహా! అసలు వినపడీ వినపడనట్టు, ఎంత సాధువుగా ఉందో! ఇదే ఇచ్చెయ్యండి అన్నాను. (నెత్తి మీద మెట్రో, వెనకాల బస్సులు, పక్కన గ్రైండింగు మిషను. ఆ సంతలో సింహం గర్జించినా సాధువుగానే ఉంటుందన్న ఆలోచన నాకెందుకు రాలేదో దేవుడికే తెలియాలి.)

ఆ సాయంత్రం మా వీధి మలుపు తిరిగేసరికి కిటికీలు గలగలలాడాయి. గేటు తెరుచుకుంది గానీ, అత్తయ్య చేతుల్లో రెండు బిందెలున్నాయి. "ఓరి నీ మొహం మండ, నువ్వట్రా! వాటర్ ట్యాంకరనుకుని పరిగెత్తుకొచ్చాను" అంది. మావయ్య అప్పటికింకా ఆఫీసు నుంచి రాలేదు, బతికిపోయాను. మర్నాడు ఉస్తాద్ దగ్గరికి వెళ్లి మార్పించుకుందామంటే షాపు దాకా ఈ మోతతోనే పోవాలి, దారిలో పోలీసులుంటారు. పొద్దున్నే ఆలోచించి ఆలోచించి, వంటింట్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కొత్తవి నాలుగు కనిపిస్తే, తీసుకెళ్లి సైలెన్సర్ వెనక నుంచి కర్రతో కుక్కాను. కిక్కు కొడితే బండి జలుబు చేసినట్టు బుసబుసలాడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మాదాపూర్‌లో సిగ్నల్ దగ్గర పోలీసులు బళ్లు ఆపుతున్నారు. ఎస్సై గారు చెయ్యెత్తారు. ఆ కంగారులో నేను బ్రేకుతో పాటు ఎక్సలేటరూ తిప్పేశాను. 'ఫట్' మని ఒక శబ్దం. స్టీలు పీచు ఒకటి, అంచులు ఎర్రగా మెరుస్తూ, గాల్లోకి ఎగిరి డివైడర్‌కి తగిలి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా ఆయన బూటు ముందు ఆగింది. దాని వెనకే రెండోది. ఆయన వంగి లాఠీతో దాన్ని కదిపి చూశారు.

"ఏంది తమ్మీ గిది? గిన్నెలు తోమే పీచు గాదా?"

"అవునండి. మా అత్తయ్యదండి" అన్నాను.

"బండ్ల ఎందుకు వెట్టినవ్?"

"సౌండు మీకు వినపడకూడదనండి."

ఆయన పగలబడి నవ్వారు. ఓ కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చి పీచునీ, బండినీ, నన్నూ కలిపి ఫొటో తీశాడు. "పో, ఇగ సక్కగ షాపుకు పోయి మార్పిచ్చుకో" అని వదిలేశారు. వదిలితే ఏం లాభం? ఫొటో తీశాడుగా! ఉస్తాద్ దగ్గర పాతదాని గొంతుకి దగ్గరగా ఉండేది బిగించుకున్నాను గానీ (ఈసారి వెనక సందులోకి తీసుకెళ్లి విన్నాను లెండి), ఆ రోజంతా ఆఫీసులో కంప్యూటర్ తెర మీద నాకు మావయ్య మొహమే కనిపించింది. బండిని పాత ఇనుము కొనేవాడు తాడు కట్టి లాక్కుపోతున్నట్టు, అత్తయ్య గేటు దగ్గర నిలబడి చూస్తున్నట్టు, ఏవేవో ఊహలు. నిజంగానే కళ్లు తడిశాయి.

సాయంత్రం వెళ్లేసరికి మావయ్య వాకిట్లోనే నిలబడి ఉన్నారు, చేతిలో ఫోను. "ఇలా రా" అన్నారు, గొంతు తగ్గించి. వంటింట్లోంచి అత్తయ్య, "నా పీచులు ఎవరు తీశారర్రా?" అని కేకలేస్తోంది. కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. ఆయన ఫోను నా ముందుకి చాపారు. చలానే. ఫొటోలో మన బండే. కానీ స్టీలు పీచు లేదు, నేనూ లేను. ముందు మావయ్య, వెనక కొత్త పట్టుచీరలో అత్తయ్య, చేతిలో పూలబుట్ట. మొన్న ఆదివారం గుడికి వెళ్తున్నప్పటిది. ఇద్దరి తలల మీదా ఏమీ లేదు.

"మీ అత్తయ్యే, పూలు నలిగిపోతాయి హెల్మెట్ వద్దంది. నాది కూడా బరువని ఇంట్లో పెట్టించింది" అన్నారు మావయ్య గుసగుసగా. ఆ నుదుటి మీద చెమట చూసి నాకు అర్థమైంది, భయం ఈ ఇంట్లో నా ఒక్కడి సొత్తు కాదని. "ఇది ఆవిడకి తెలిస్తే, చలాన్ ఎందుకు పడనిచ్చారని నన్నే అంటుంది. చెప్పకురా."

"మరి బండి, మావయ్యా? పాత ఇనుము..."

"ఛ, ఛ! బండేం చేసిందిరా పాపం" అని సీటు మీద చెయ్యి వేసి నిమిరారు.

ఇప్పుడు నాకు బ్యాటరీ కారుంది. వచ్చినా పోయినా దానికి చప్పుడుండదు. ఇంటికి వెళ్తే బెల్లు కొట్టి నిలబడతాను. మొన్న మావయ్యా వాళ్లింటికి వెళ్లి, వాకిట్లో దుప్పటి తీసి ఊరికే ఒక కిక్కు కొట్టాను. దుబదుబమంది. అత్తయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ గబగబా వచ్చి, నన్ను దాటుకునిపోయి గేటు తీసి, వీధిలోకి చూసింది. మలుపు దాకా చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, నెరిసిన నా తల చూసి నవ్వేసింది. నేను హెల్మెట్ పెట్టుకుని, వీధి చివరిదాకా వెళ్లి, మలుపు తిరిగి వచ్చాను. అంతవరకూ ఆవిడ గేటు పట్టుకునే నిలబడి ఉంది.