మామిడిపండు తినే ఫోటోకు దండ

"దండ వెయ్యాల్నా, వద్దా? ముందు అది చెప్పప్పా," అన్నాడు వీడియో మిక్సింగ్ చేసే ఆయన.

కర్నూలు నుంచి కల్లూరు పోయే రోడ్డులో, ఒక మేడ మెట్ల కింద ఉండేది ఆయన గది. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. పెళ్ళి భోజనాల దగ్గర ఒక పక్కన టీవీ పెట్టి, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకుల చిన్నప్పటి నుంచి ఉన్న ఫోటోలు పాటలతో చూపించడం మా వైపు అప్పుడప్పుడే మొదలైంది. ఫోటోలు పట్టుకుపోతే ఆయన స్కాన్ చేసి, ఒక ఫోటో పోయి ఇంకొకటి వచ్చేలోపల ఏదో ఒక ఎఫెక్టు పెట్టి, సీడీ చేసి ఇచ్చేవాడు. గులాబీలు రాలడం, పుస్తకంలో పేజీ తిరగడం, అద్దం పగలడం, తలుపులు తెరుచుకోవడం. ఇట్లాంటివి ఆయన కంప్యూటర్‌లో లెక్కలేనన్ని ఉండేవి. వాటిని రెండు ఫోల్డర్లుగా విడదీసి పెట్టుకున్నాడు. ఒకటి పెళ్ళికి, ఒకటి దినానికి. దినం ఫోల్డర్‌లో ఫోటోకు తనంతట తనే దండ పడుతుంది, కింద దీపం వెలుగుతుంది, మనిషి మెల్లగా మబ్బుల్లోకి లేచిపోతాడు.

నేను తీసుకుపోయిన కవరు ఆ రెండు ఫోల్డర్లలో దేనిలోనూ ఇమడలేదు.

పెళ్ళికూతురు మా అక్క. ముప్పై నాలుగేళ్ళు. ఒకసారి పెళ్ళయింది, ఆరేళ్ళు కాపురం చేసింది, బావ కామెర్లతో పోయి ఐదేళ్ళయింది. ఆ ఐదేళ్ళలో ఆమె ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి తన బతుకు తను బతికింది. పెళ్ళికొడుకు శ్రీశైలం డ్యామ్ దగ్గర కరెంటు పని చేసేవాడు. అతని మొదటి భార్య కాన్పులో పోయింది. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టి, బనగానపల్లెలో మా వాళ్ళందరికీ భోజనాలు పెట్టాలనుకున్నారు. వీడియోలో ఏయే ఫోటోలు ఉండాలో అక్కే ఏరి వరసగా పెట్టి ఇచ్చింది. అందులో పెళ్ళికొడుకు మొదటి భార్య ఫోటో ఒకటి ఉంది. మా బావ ఫోటో ఒకటి ఉంది.

బావ ఫోటో ఎట్లాంటిదో చెప్పాలి. మామిడికాయల మండీలో తీసింది. బనియన్ మీద ఉన్నాడు. రసాల మామిడిపండు చేత్తో పిసికి నోట్లో పెట్టుకున్నాడు. రసం మోచేతి దాకా కారుతూ ఉంది. కెమెరా చూసి నవ్వబోయాడు కానీ నోటినిండా పండు.

మిక్సింగ్ ఆయన ఆ ఫోటోను ఇట్లా తిప్పి అట్లా తిప్పి చూశాడు. "ఈయప్ప పోయినాడంటాండావు. దండ ఎయ్యకుంటే బతికే ఉండాడు అనుకుంటారు జనం. ఏస్తే పెండ్లికి అశుభం అంటారు. పోనీ ఏద్దామన్నా, పాస్‌పోర్టు ఫోటో అయితే ఏస్తా. మామిడిపండు తినే మనిషికి దండ యాడ ఎయ్యాలప్పా?"

నా జీవితంలో నేను విన్న తర్క ప్రశ్నల్లో ఇది మేలైనది. చచ్చినవాడికి దండ ఉండాలి అనేది ఒక ఆచారం. శుభకార్యంలో చావు కనపడకూడదు అనేది ఇంకో ఆచారం. రెండూ ఒకే ఫోటో మీద ఎదురుపడితే, పాటించేవాడు ఏం చెయ్యాలి? హేతువాద సభల వేదికల మీద గంటలు గంటలు మాట్లాడి నేను చూపించలేకపోయిన చిక్కుముడిని, మెట్ల కింద కూర్చుని ఆయన ఒక్క మాటలో చూపించాడు.

నేను నవ్వాను. మా పెదనాయన నవ్వలేదు.

మా నాయన లేడు కాబట్టి ఇంటికి పెద్ద ఆయనే. బనగానపల్లెలో నూనె అంగడి. ఆ రోజు సరుకుకు కర్నూలు వచ్చి, నాతో పాటు ఆ గదికీ వచ్చాడు. ఏడాదిపాటు నేను వాదించగా వాదించగా ఈ పెళ్ళికి ఊఁ అన్న మనిషి. ఆ ఊఁ వెనక్కి తీసుకోవడానికి ఆయనకు ఒక సాకు కావాలని నాకు తెలుసు.

"ఆయమ్మ ఫోటో మాత్రం ముందు పెట్టు," అన్నాడు పెదనాయన, పెళ్ళికొడుకు మొదటి భార్య ఫోటో చూపించి. "తామరపువ్వు విచ్చుకునేది ఉంటాది సూడు, దాంట్లోంచి రావల్ల. ముత్తైదువగా పోయిన తల్లి. ఆమె కండ్లు సల్లగా సూస్తేనే వీళ్ళ కాపురం నిలబడేది. మా అల్లుడిది తీసెయ్."

"ఎందుకు తీసెయ్యల్ల?" అన్నాను.

"ఎందుకేందిరా? పోతా పోతా ఆడబిడ్డ బొట్టు తీసుకపాయె. పెండ్లిలో ఆ మొగం సూపిస్తారా ఎవురన్నా?"

"ఆమె కాన్పులో పోయింది, ఈయన కామెర్లతో పోయినాడు. ఇద్దరూ మందు అందక పోయినోళ్ళే కదా పెదనాయనా. ఆమె దేవత ఎట్లయింది, ఈయన శని ఎట్లయినాడు?"

"నీ మాదిరి పుస్తకాలు సదివినోళ్ళతో నాకెందుకురా! ఆ ఫోటో పడితే నేను పంక్తిలో కూసోను. పెద్ద దిక్కు లేని పెండ్లి చేసుకోండి."

ఆ మాట అని షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఆచారం గురించి నేను ఆ తర్వాత శానా వ్యాసాలు రాశాను. భర్త కంటే ముందు చనిపోయిన భార్యకు మా ఇళ్ళలో ప్రతి శుభకార్యానికీ ముందు చీర పెడతారు, పసుపు కుంకుమ పెడతారు, రెండో భార్య చేత మొక్కిస్తారు. భార్య కంటే ముందు చనిపోయిన భర్త సంగతికి వస్తే మాత్రం ఆ చావుకు శిక్ష బతికున్న ఆడదానికి. చావు ఇద్దరిదీ ఒకటే. దాన్ని ఎవరి నుదుటి మీద రాయాలో మాత్రం మగవాళ్ళు తీర్మానించుకున్నారు. ఇందులో దేవుడికి ఏ పనీ లేదు.

ఇంత తెలిసిన నేను ఆ రోజు చేసిన పని చెప్తాను.

పెదనాయన వెళ్ళిపోయాక నాకు పౌరుషం ఎక్కింది. "పంద్రాగస్టు జెండా పండగకు బడులోళ్ళు ఏయించుకునేది ఒకటి ఉండాది, సంకెళ్ళు తెగుతాయి," అని మిక్సింగ్ ఆయన అనగానే, అదే పెట్టమన్నాను. బావ ఫోటో రావాలి, దాని మీద ఇనుప సంకెళ్ళు పడాలి, ఫెళ్ళున తెగాలి, ముక్కల మధ్య నుంచి అక్క, కొత్త పెళ్ళికొడుకు కలిసి నిలబడ్డ ఫోటో రావాలి. చూస్తే నాకు ఒళ్ళు పులకరించింది. వంద ఉపన్యాసాల పెట్టు అనుకున్నాను.

మరుసటి రోజు బడి వదిలాక అక్కను పిలుచుకొచ్చి చూపించాను. సంకెళ్ళు తెగిన చప్పుడుకు మిక్సింగ్ ఆయన మెచ్చుకోలు కోసం మా వైపు తిరిగాడు.

అక్క నా వైపు తిరిగింది.

"ఇది ఎవురు పెట్టమనిరి?"

"నేనే. విధవరాలి సంకెళ్ళు..."

"యాడుండాయిరా సంకెళ్ళు? ఆయప్ప మొగం మీద ఏసినావే! ఆయన నన్ను కట్టేసినాడా? ఆయన ఉన్నన్ని దినాలు నన్నెవురూ ఒక మాట అనలేదు. నన్ను కట్టేసింది ఆయన పోయినాక మీరందరూ. మన ఇంటోళ్ళు. అప్పుడు నువ్వు యాడుంటివి? అనంతపురంలో ఆడోళ్ళ హక్కుల మీద మాట్లాడతాంటివి."

మిక్సింగ్ ఆయన కీబోర్డు మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

"పెదనాయన ఆయన్ని తీసెయ్యమంటాడు. నువ్వు ఆయన్ని పగలగొడతాండావు. మీ ఇద్దరికీ ఆయన అడ్డమే," అంది అక్క. "ఆరేండ్లు నేను బతకలేదా ఏంది? ఆ ఆరేండ్లు కోసేసి, బడి చదువు కాడి నుంచి సీదా ఈ పెండ్లిలోకి దూకినానా?"

 ఎదురు పక్షం వాళ్ళను నిలదీయడం నేర్చుకున్న నన్ను సొంత అక్క నిలదీసింది. ఆమె చెప్పింది నిజం.

అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అన్నా, ఏ ఎఫెక్టూ లేకుండా ఒకటి పోయి ఇంగొకటి వచ్చేది లేదా?"

"ఉండాదమ్మా. మొదటిది మెల్లగా మసకబారుతాది, రెండోది మెల్లగా తేలుతాది. నడుమ రవ్వంతసేపు ఇద్దరి మొగాలూ ఒకదాని మీద ఒకటి కనపడతాయి. పెండ్లిళ్ళకు ఎవురూ అడగరమ్మా, అది శానా సాదాది."

"అదే పెట్టు. అన్నిటికీ అదే. ఆయమ్మకు తామర వద్దు, ఈయనకు దండ వద్దు. నా చిన్నప్పటి ఫోటోకు ఏది పెడతావో వీళ్ళకూ అదే పెట్టు."

"మొగం మీద మొగం పడితే జనం ఏమన్నా అంటారేమో..."

"అననీ."

ఎఫెక్టుల జాబితా మొత్తం మీద ఎవరూ అడగనిది ఒకటి ఏరుకుని ఆమె లేచి నిలబడింది.

భోజనాల రోజు పెదనాయన వచ్చాడు. రాకుండా ఉండలేడు, బజారు మొత్తం వచ్చింది. టీవీకి దగ్గరగా, గోడవార కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వీడియో మొదలైంది. అక్క రెండు జడలు, బడి బహుమతి, పెళ్ళికొడుకు సైకిలు. అతని మొదటి భార్య ఫోటో వచ్చి, నీళ్ళలో కరిగినట్టు కరిగిపోయింది. ఆడవాళ్ళు కొందరు చెంపలు వేసుకున్నారు. తర్వాత మా బావ, మోచేతి దాకా రసంతో.

టీవీ ఆరిపోయింది.

"కరెంటు పాయె," అన్నాడు పెదనాయన. చెయ్యి ఇంకా స్విచ్చు మీదే ఉంది. నెత్తి మీద ఫ్యాన్లు గిరగిరా తిరుగుతున్నాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను లేచాను. ఉపన్యాసం గొంతు దాకా వచ్చింది. కానీ పూలదండతో కూర్చున్న అక్క నాకంటే ముందు లేచింది. హాలు అడ్డంగా నడిచి వచ్చి, పెదనాయన చెయ్యి పట్టుకుని స్విచ్చు మీది నుంచి మెల్లగా తీసింది. స్విచ్చు తనే వేసింది.

"మొదటి నుంచి ఎయ్యన్నా," అంది సీడీ వెయ్యడానికి వచ్చిన మిక్సింగ్ ఆయనతో.

"నడుమలోంచి ఏస్తాలేమ్మా, ఆగిన కాడ్నుంచి..."

"వద్దు. మొదటి నుంచి."

అంతదాకా అప్పడాలు విరుచుకుంటూ ఎవరి మాటల్లో వాళ్ళున్న పంక్తి మొత్తం ఇప్పుడు టీవీ వైపు తిరిగింది. వడ్డించేవాళ్ళు బకెట్లు కింద పెట్టారు. రెండు జడలు మళ్ళీ వచ్చాయి. సైకిలు మళ్ళీ వచ్చింది. ఆయమ్మ వచ్చింది, కరిగింది. బావ వచ్చాడు. అక్క టీవీ పక్కనే నిలబడి ఉంది, చెయ్యి స్విచ్చుకు అడ్డంగా పెట్టి. పెళ్ళికొడుకు కూడా లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

పెదనాయన చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోయాడు. ఆయన్ని ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

బావ మెల్లగా మసకబారాడు. అక్క, పెళ్ళికొడుకు కలిసి నిలబడ్డ ఫోటో మెల్లగా తేలుతూ, రవ్వంతసేపు ముగ్గురి ముఖాలూ కలిసి కనపడ్డాయి. "మంచి పండు ఏరుకున్నాడు ఈయప్ప," అన్నాడు పంక్తిలో ఎవరో ముసలాయన. పక్కనున్నతను, "ఆ ఏడు కాపు బాగుండె," అన్నాడు. తర్వాతి ఫోటో వచ్చింది.