పొద్దుటి నెట్‌లో రొద

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. కళ్ళద్దాలక్క అంటే మాత్రం పసిపిల్లలు కూడా దుకాణం దాకా దారి చూపిస్తారు. తండ్రి నడిపిన దుకాణం ఆయన తర్వాత ఆవిడ చేతికొచ్చింది. అద్దం అరగదీయడం, ఫ్రేములో కూర్చోబెట్టడం, ముక్కు తీరును బట్టి కాడలు వంచడం ఆవిడకు మంచినీళ్ళు తాగినంత తేలిక. నలభై దాటేదాకా ఆవిడ బతుకంతా దుకాణంలోని గాజు బల్ల వెనకే గడిచింది.

ఒకరోజు పొడుగాటి ముసలాయన దుకాణంలోకి వచ్చి, జేబులోంచి బియ్యపుగింజంత వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు.

"దూరానికి ఢోకా లేదమ్మాయ్, దగ్గరే చిక్కు. దీని మీది గీతలు ఏ రంగో చెప్పలేకపోతున్నాను."

ఆవిడ వంగి చూసింది. "గోధుమ, నలుపు, ఎరుపు. ఏమిటండీ ఇది?"

"రేడియోలో వేసే రెసిస్టర్. ఆ గీతలే దీని జాతకం" అన్నాడాయన.

ఆయన వయసులో ఉన్నప్పుడు సరుకు ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటరు. ఊళ్ళో అందరూ ఓడ బాబాయి అంటారు. ఇంట్లో సొంతంగా రేడియో సెట్టు పెట్టుకుని, లైసెన్సు తీసుకుని, తనలాంటి వాళ్ళతో ఊళ్ళు దాటి మాట్లాడుతుంటాడు. కొత్త అద్దాలు సరిచూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ముచ్చట చెప్పేవాడు. అవి వినీ వినీ ఆవిడకు ఆశ పుట్టింది. దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు ఆయన గాజు బల్ల మీద వేలితో మోర్స్ సంకేతాలు కొట్టేవాడు, ఆవిడ అక్షరాలు పలికేది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం, తీగ వేడెక్కాకే సీసం ఆనించడం, యాంటెన్నా ఎత్తు కొలవడం అన్నీ ఆయనే నేర్పాడు. ఆవిడ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న రోజు ఆయన సంతోషం ఇంతా అంతా కాదు. "నాకు పిల్లల్లేరు. నా విద్యకు మాత్రం వారసురాలు దొరికింది" అని కనబడిన వాళ్ళందరితో చెప్పుకున్నాడు. ఆవిడకు ఆ మాటే పెద్ద బిరుదు.

ఆవిడ భర్త నీళ్ళ పంపుహౌసులో పనిచేస్తాడు, మాటల్లో కాస్త చమత్కారం ఎక్కువ. "సవతి పోరు ఆడవాళ్ళకే ఉంటుందనుకున్నాను. నాకూ ఉంది, ఆ మూల బల్ల మీద" అంటూ సెట్టు వైపు చూపించేవాడు. అంటూనే డాబా మీద గుంజ పాతిపెట్టాడు, తీగ బిగించాడు.

రోజూ పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళ రేడియో వాళ్ళు ఒకేచోట కలుస్తారు. దాన్ని నెట్ అంటారు. ఒకరు పెద్దరికం వహించి పేరుపేరునా పిలుస్తారు, పిలిచినవాళ్ళు పలుకుతారు. ఎవరి సెట్టు ఎలా ఉంది, ఎవరి గొంతు ఎంత దూరం చేరుతోంది, అవే మాటలు. ఆ పెద్దరికం ఏళ్ళ తరబడి ఓడ బాబాయిదే. కానీ వయసు మీదపడే కొద్దీ ఆయన చెవి మందగించింది. పిలిచిన వాళ్ళనే మళ్ళీ పిలవడం, ఒకరి మాట ఇంకొకరిదనుకోవడం మొదలైంది. అందరూ కూడబలుక్కుని, నెట్ ఇకమీదట అక్క నడపాలన్నారు. ఆవిడ సరేనంది. బాబాయి కూడా నవ్వుతూనే, "నా బిడ్డే కదా, నేను చేసినట్టే" అన్నాడు.

వారం తిరగకుండానే రొద మొదలైంది.

ఆవిడ నెట్ తెరిచి మొదటి పేరు పిలిచేసరికి సెట్టులోంచి డబ్బాలో కందిరీగలు పడ్డట్టు జుయ్యిమని ఒకటే మోత. అవతలివాళ్ళ మాట ఒక్క ముక్క వినబడదు. ఆవిడ మాట మాత్రం అందరికీ బాగానే చేరేది. "మాకేమీ రొద లేదక్కా, లోపం మీ సెట్టులోనే ఉండాలి" అన్నారు దూరపు ఊళ్ళవాళ్ళు, తర్వాత ఫోనులో అడిగితే. నెట్‌లో అంతలోనే బాబాయి గొంతు వచ్చేది: "కంగారుపడకమ్మాయ్. ఇవాళ్టికి నేను చూసుకుంటాలే." ఆయన అందుకోగానే రొద కూడా సద్దుమణిగేది. గురువుగారి సిగ్నలు బలం అలాంటిదని ఆవిడ మురిసిపోయింది.

సాయంత్రం ఆయనే పనిముట్ల సంచితో వచ్చేవాడు. సెట్టు మూత విప్పి, ఒక కండెన్సర్ పీకి ఇంకొకటి వేసేవాడు. రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. ఇంకోసారి వచ్చి, సిగ్నలును మొదట అందుకునే ట్రాన్సిస్టర్ పాడైందని తీసేసి తన దగ్గరున్న పాతది అతికించాడు. మరోసారి యాంటెన్నా ఎత్తు వల్లే రొద పట్టుకుంటోందన్నాడు. భర్త చెమటలు కక్కుతూ గుంజ సగానికి దించాడు. దాంతో సెట్టుకు ఉన్న చెవి కూడా పోయింది. దూరపు ఊళ్ళు ఒక్కొక్కటే వినబడడం మానేశాయి. అయినా పొద్దుటి రొద మాత్రం ఎక్కడికీ పోలేదు.

"మీ ఇంటి కింద దర్జీ కుట్టుమిషనుకు మోటారు పెట్టాడు కదా. అదే అయ్యుంటుంది" అన్నాడు బాబాయి ఒకనాడు.

ఆవిడ దిగి వెళ్ళి దర్జీని అడిగింది. మంచివాడు, మోటారు మార్చాడు. రొద పోలేదు. పొద్దున పూట మిషను ఆపమంది.

"పొద్దున కుట్టకపోతే సాయంత్రానికి బట్టలివ్వలేనక్కా. జనం నా మెడ మీద కూర్చుంటారు" అన్నాడు దర్జీ.

"నీ ఒక్కడి మోటారు వల్ల పదిమంది మాట ఆగిపోతోంది" అంది ఆవిడ. మాటకు మాట పెరిగింది. వీధిలో వాళ్ళు గుమిగూడారు. ఎన్నడూ గొంతెత్తని మనిషి ఆ రోజు నోటికొచ్చినట్టల్లా అంది. దర్జీ ఆ నెలాఖరుకు దుకాణం సర్దుకుని మార్కెట్టు వెనక సందులోకి పోయాడు.

అతను పోయిన మర్నాడు పొద్దున కూడా సెట్టులో కందిరీగలు లేచాయి.

ఆవిడ మైకు పక్కన పెట్టేసింది. ఆ తర్వాత, ఇన్నాళ్ళూ చేయాల్సిన పని తానే మొదలుపెట్టింది. ఇంటి మెయిన్ స్విచ్ ఆపేసి, సెట్టును బ్యాటరీ మీద నడిపింది. రొద అలాగే ఉంది. అంటే తమ ఇంట్లో ఏ దీపమూ, ఏ ఫ్యానూ కారణం కాదు. యాంటెన్నా తీగ పీకేసింది. సెట్టు మూగపోయింది. అంటే సెట్టులో లోపం లేదు, రొద బయటినుంచి తీగ వెంట దిగుతోంది.

"నాకొక మాట తడుతోంది. ఆ రొద బాబాయిగారు మాట్లాడేటప్పుడు ఎందుకు రాదు?" అన్నాడు భర్త.

"ఆయన్ని అలా అంటే కళ్ళు పోతాయి" అంది ఆవిడ.

"పోతే నీ దుకాణం ఉందిగా" అన్నాడతను. ఆవిడ నవ్వలేదు.

రొద ఎటునుంచి వస్తోందో కనిపెట్టే ఉపాయం ఆవిడకు తెలుసు. జల్లెడ చట్రం మీద రాగితీగ చుట్టి, చిన్న బ్యాటరీ రిసీవరుకు తగిలించింది. అలాంటి చట్రాన్ని నిలబెట్టి మెల్లగా తిప్పుతుంటే, దాని నోరు రొద వచ్చే వైపుకు తిరిగినప్పుడు మోత ఒక్కసారిగా చచ్చిపోతుంది. మర్నాడు పొద్దున నెట్ తెరిచి, అందరినీ కాస్త ఆగమని, ఆవిడ డాబా ఎక్కి చట్రం తిప్పింది. మోత చచ్చిన దిక్కు వీధి చివరి నీళ్ళ ట్యాంకు మీదుగా పోయింది. రొద అటునుంచైనా రావాలి, సరిగ్గా దానికి ఎదురు వైపునుంచైనా రావాలి. అది తేల్చుకోవడానికి తర్వాతి రోజు సెట్టును దుకాణానికి మోసుకెళ్ళి అక్కడినుంచి నెట్ తెరిచి చూసింది. రెండు చోట్లా తేలిన దిక్కుల గీతలు కలిసేది ఒక్కచోటే. బాబాయి ఉండే వీధిలో, ఆయన మేడ దగ్గర.

ఆవిడకు అనుమానం రాలేదు సరికదా, ప్రాణం లేచొచ్చింది. పాపం, ఆయన ఇంట్లోనే ఏదో పాత వస్తువు చెడిపోయి గోల చేస్తోంది, చెవులు వినబడవు కనక ఆయనకు తెలియడం లేదు అనుకుంది. ఇంతకాలం తనకు సాయం చేసిన మనిషికి తాను సాయపడే వంతు వచ్చిందనుకుంది. రొద అణిచే నల్ల రింగులు నాలుగు, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది.

బాబాయి వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆయన భార్య, కళ్ళద్దాలక్క పిన్నీ అని పిలిచే మనిషి, తలుపు తీసి లోపలికి రమ్మంది.

"దొరికింది బాబాయ్. రొద మీ ఇంటినుంచే వస్తోంది. ఏ పాత మోటారో అయ్యుంటుంది. ఒకసారి వెతుకుదామా?" అంది ఆవిడ, గొంతు కాస్త పెంచి.

"మా ఇంట్లో ఏముందమ్మాయ్. నీ లెక్క తప్పి ఉంటుంది" అన్నాడాయన పేపరు మడుస్తూ.

"రెండు చోట్లనుంచి చూశాను, తప్పలేదు. పొద్దున నెట్ వేళకే వస్తోంది. ఆ టైములో ఏం వాడతారు?"

పిన్ని అందుకుంది. "ఇంకేముందమ్మా, ఆ గంటే అయ్యుంటుంది. పైన ఆయన బల్ల మీద పాత కరెంటు గంట. రోజూ పొద్దున్నే జుయ్యిమంటుంది. ఎందుకండీ ఆ గోల అంటే, అమ్మాయి సెట్టుకు పరీక్ష పెడుతున్నాను అంటారు. నీకు చెప్పలేదా?"

ఆవిడ బాబాయి వైపు చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా, మడిచిన పేపరు మళ్ళీ విప్పాడు.

ఆవిడ ఎవరినీ అడక్కుండా మెట్లెక్కింది. బల్ల మీద మోగే గిన్నె తీసేసిన పాత కరెంటు గంట, పక్కన నొక్కే బొత్తాం. గంటలో ఇనుప నాలుక కొట్టుకునే చోటినుంచి ఒక తీగ సూటిగా యాంటెన్నా కేబులుకు పోతోంది. ఆ అతుకు నున్నగా, మెరుస్తూ ఉంది. సీసం అంత పొందిగ్గా పట్టేలా పెట్టే చెయ్యి ఊళ్ళో ఒక్కటే ఉంది. ఆ చెయ్యే ఆవిడకు నేర్పింది. బొత్తాం నొక్కితే నిప్పురవ్వలు లేచి చుట్టుపక్కల వీధుల్లో ఏ సెట్టూ మాట వినలేదు. అంత దూరానికే దాని బలం. అందుకే పై ఊళ్ళవాళ్ళకు వినబడలేదు. తాను మాట్లాడే వంతు రాగానే ఆయన వేలు తీసేసేవాడు.

బాబాయి మెల్లగా మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మంచి ట్రాన్సిస్టర్ పీకేశారు. యాంటెన్నా దించమన్నారు. దర్జీ మోటారన్నారు. అతన్ని వీధిలో నిలబెట్టి నానా మాటలూ అన్నాను. అన్నీ తెలిసే చెప్పారా?" అంది ఆవిడ.

ఆయన వచ్చి గంట పక్కన కూర్చున్నాడు. "చెవులు పోయాయని అందరూ కలిసి నన్ను పక్కన పెట్టారు. వాళ్ళు పరాయివాళ్ళు, సరే. నువ్వొక్కదానివైనా, బాబాయి ఉండగా నాకెందుకు అంటావనుకున్నాను. నువ్వు వెంటనే సరేనన్నావు."

"ఆ మాట నాతో అని ఉంటే ఆ క్షణమే వదిలేసేదాన్ని."

"అడిగి తీసుకోవడం నాకు చేతకాలేదమ్మాయ్."

"ఇది చేతనైంది" అంది ఆవిడ గంట వైపు చూసి. సంచి తీసుకుని దిగిపోయింది. కింద పిన్ని టీ గ్లాసుతో ఎదురొచ్చింది. "ఏమైందమ్మా, గంట తీసేస్తే సరిపోతుందా?" అని అడుగుతూనే ఉంది.

నమ్మినవాడే నట్టేట ముంచాడని జనం అంటుంటే ఆవిడ ఎన్నోసార్లు వింది. నీళ్ళు మింగినప్పటి ఉక్కిరిబిక్కిరి ఎలా ఉంటుందో ఆ సాయంత్రం తెలిసింది. మర్నాడు మార్కెట్టు వెనక సందుకు వెళ్ళి దర్జీకి జరిగింది చెప్పింది, ఒక్క పేరు తప్ప. తప్పు తనదేనంది. దర్జీ మిషను ఆపి విన్నాడు. "కొత్త మోటారు బాగానే ఉందక్కా. ఆ వీధిలోకి మాత్రం ఇక రాలేను. అందరి ముందు అన్నారు కదా" అన్నాడు. ఆవిడ తలూపి వచ్చేసింది.

తర్వాత సెట్టు ముందేసుకుని కూర్చుంది. బాబాయి అతికినవన్నీ ఒక్కొక్కటే కరిగించి తీసింది. మంచి ట్రాన్సిస్టర్ తెప్పించి వేసింది. కేబులు కొత్తది లాగింది, నల్ల రింగుల చుట్టూ దాన్ని చుట్టింది. గుంజ ఇంకాస్త పొడుగుది పాతమంది. భర్త గునపం పట్టుకున్నాడు. నేను ముందే అన్నానని మాత్రం అనలేదు, ఆ పూటా అనలేదు, తర్వాతా అనలేదు. సెట్టు ఎన్నడూ వినని ఊళ్ళు కూడా వినడం మొదలుపెట్టింది. రాత్రంతా వాన కురిసి తెరిపిచ్చిన పొద్దున లాగా శుభ్రంగా ఉండేది నెట్. ఆ శుభ్రం చూసి సంతోషించడానికి మాత్రం ఆవిడకు మనసు రాలేదు.

ఓడ బాబాయి కనబడడం లేదేమిటని నెట్‌లో అడిగేవాళ్ళు. "ఒంట్లో బాగాలేదేమో" అనేది ఆవిడ. గంట సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన మళ్ళీ ఎవరి ముందూ తలెత్తలేడు. దాచినందుకు మాత్రం తన మీద తనకే కోపంగా ఉండేది.

చాలా రోజుల తర్వాత ఒక పొద్దున, పేర్లు పిలుస్తుండగా మధ్యలో ఓడ బాబాయి గొంతు పలికింది. అందరూ ఒక్కసారిగా పలకరించారు, బాగున్నారా అన్నారు, ఇన్నాళ్ళు ఎక్కడికి పోయారన్నారు. ఆయన ఆవిడనే పిలిచాడు. "అమ్మాయ్, నా మాట వినబడుతోందా?" అన్నాడు.

నెట్ నడిపేవాళ్ళు పలికిన ప్రతివాళ్ళకూ జవాబివ్వాలి, అది రివాజు. "వినబడుతోంది. సిగ్నలు బాగుంది. మాట స్పష్టంగా ఉంది" అంది ఆవిడ. వెంటనే తర్వాతి వాళ్ళను పిలిచింది. వాళ్ళు ఏదో చెప్పారు. ఆవిడకు ఒక్క ముక్క ఎక్కలేదు, మళ్ళీ చెప్పమని అడగాల్సి వచ్చింది.